బార్‌లో రెట్రో నైట్ వాయించడం ఎలా? పాటల్ని ఇంట్లోనే కోసుకుని వెళ్లండి

మన ఊళ్లలో డీజే అంటే మనిషి కాదు, డీసీఎం వ్యాన్ మీద పేర్చిన బాక్సులు. "పెళ్లికి డీజే పెట్టారా?" అంటే ఆ బాక్సులు పెట్టారా అని. బార్లలో డీజేగా వాయిస్తున్నానని చెప్పినప్పుడు మా మేనమామ "బండి ఎంతకి కొన్నావురా?" అని అడిగాడు. బండీ లేదు, బాక్సులూ లేవు. ఒక ల్యాప్‌టాప్, చిన్న కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లో పాటల్ని చేత్తో నడిపే బటన్ల పెట్టె), హెడ్‌ఫోన్స్, రెండు పెన్‌డ్రైవ్‌లు, అంతే. కొండాపూర్ వైపూ సికింద్రాబాద్ వైపూ చిన్న బార్లలో వారం మధ్యలో రెట్రో నైట్లు చేస్తుంటాను. ఎనభైలు, తొంభైల డాన్స్ పాటలు: తెలుగు, హిందీ, కాస్త ఇంగ్లిష్ డిస్కో.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంట్రోలర్ కొనాలన్నా?" అని. అది చిన్న విషయం, చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. అసలు చిక్కు పాటల దగ్గరే ఉంది. పాత సినిమా పాట తెర కోసం చేసింది. అందులో హీరో హీరోయిన్ డ్రెస్సులు మార్చుకోవడానికి, కొండ ఎక్కి దిగడానికి కూడా సంగీతం ఉంటుంది. నా మొదటి రాత్రి ఒక పాటను ఉన్నది ఉన్నట్టు మొత్తం వేశాను. పల్లవికి ఫ్లోర్ నిండిపోయింది. తర్వాత వయొలిన్లు, వేణువు, కోరస్ కలిసి పొడవాటి ఇంటర్‌లూడ్, అంటే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతం, మొదలైంది. గెంతుతున్నవాళ్లు చేతులు కిందికి దించి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చరణం వచ్చేసరికి సగం మంది బల్లల దగ్గరికి, పల్లీల ప్లేట్ల దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడి నుంచి వాళ్లను మళ్లీ లేపడానికి నాకు గంట పట్టింది.

ఎవరి పాతకాలమో ముందు తెలుసుకోండి

రెట్రో అనేది ఒక్కొక్కళ్లకు ఒక్కో కాలం. బుక్ చేసిన మేనేజర్‌ను "బుధవారం మీ బార్‌కి ఎవరొస్తారు?" అని అడగండి. "అందరూ వస్తారు" అంటాడు. నమ్మొద్దు. ముందువారం అదే రోజు, అదే సమయానికి వెళ్లి మూలన ఒక బల్ల దగ్గర కూర్చుని చూడండి.

నా లెక్క ఒకటుంది. మనిషి ఎనిమిదేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల వరకు విన్న పాటలకే ఒళ్లు తెలియకుండా ఆడతాడు. ఇప్పుడు నలభై దాటినవాళ్లంటే శుక్రవారం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం ఎదురుచూసిన పిల్లలు. వాళ్లకు తొంభైల పాటలు కావాలి. యాభై దాటినవాళ్లకైతే 1987లో 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి బ్రేక్ డాన్స్ చేసిన రోజులు. ఆ తర్వాత కాలేజీ వార్షికోత్సవాల్లో ఆ స్టెప్పులే కదా. అదే బార్‌కి పాతికేళ్ల కుర్రాళ్ల గుంపు వస్తే వాళ్లకు రెట్రో అంటే 2010. నవ్వు వస్తుంది కానీ నిజం.

ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. సికింద్రాబాద్ పాత బార్లలో, ముఖ్యంగా రైల్వే కాలనీల చుట్టుపక్కల, ఇంగ్లిష్ డిస్కో బాగా నడుస్తుంది. బోనీ ఎం 1978 నాటి 'రాస్‌పుటిన్' వేస్తే తెల్లజుట్టు పెద్దాయన కూడా లేచి నిలబడతాడు. ఐటీ కంపెనీల టీమ్ పార్టీలైతే ఒక్కో బల్ల దగ్గర నాలుగు భాషలుంటాయి. అక్కడ అందరినీ కలిపే పాటలు వెతుక్కోవాలి. 1980లో 'కుర్బానీ' కోసం నాజియా హసన్ పాడిన 'ఆప్ జైసా కోయీ' అలాంటిది. 1994 నాటి రెహమాన్ 'ప్రేమికుడు' పాటలూ అంతే. తమిళంలో విన్నవాడు తమిళంలో, హిందీలో విన్నవాడు హిందీలో పాడతాడు, మనవాళ్లు తెలుగులో. ట్యూన్ ఒకటే కాబట్టి ఎవరి గొంతు వాళ్లదే.

పాటలు ఎక్కడివి, ఎలాంటివి

యూట్యూబ్ నుంచి దించుకున్న పాట ఫోన్‌లో బాగానే వినిపిస్తుంది. పెద్ద స్పీకర్‌లో పెడితే బండారం బయటపడుతుంది. తాళాల మోత నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది, బేస్ అయితే మాయం. 320 కేబీపీఎస్ (ఈ అంకె ఎక్కువుంటే నాణ్యత ఎక్కువ) ఎంపీ3 కనీసం ఉండాలి, నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైళ్లు దొరికితే ఇంకా మంచిది. పాత ఆడియో సీడీలు అమ్మే దుకాణాలు, పాత సామాన్ల మార్కెట్లు వెతకండి. నా దగ్గరున్న మంచి కాపీల్లో చాలావరకు అలా దొరికినవే.

ఇంకో మోసం ఉంది. పాత హిట్ల కలెక్షన్ అని అమ్మే సీడీల్లో కొన్నిసార్లు అసలు గాయకుడు ఉండడు, ఎవరో తిరిగి పాడిన వెర్షన్ ఉంటుంది. బాలు గొంతు మనవాళ్ల చెవుల్లో ఎంతగా నాటుకుపోయిందంటే, రెండో మాటకే కనిపెట్టేస్తారు. ప్రతి పాటనూ హెడ్‌ఫోన్స్‌తో మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారైనా వినకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి.

ఎన్ని పాటలు కావాలి? నాలుగు గంటలకు నూట ఇరవై చాలు. ఐదు వేల పాటలున్న డ్రైవ్ వేసుకుని వెళ్లినవాడు రాత్రంతా స్క్రీన్ చూస్తూనే ఉంటాడు, జనాన్ని చూడడు.

కోత: ఈ పని ఇంట్లోనే చేయాలి

అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాటను తెరిచి, ఎక్కడ ఏముందో కాగితం మీద రాసుకోండి: ప్రారంభ సంగీతం, పల్లవి, మొదటి ఇంటర్‌లూడ్, మొదటి చరణం, పల్లవి, రెండో ఇంటర్‌లూడ్, రెండో చరణం, పల్లవి. మనకు కావలసింది పల్లవి, మొదటి చరణం, మళ్లీ పల్లవి. రెండో చరణం మాటలు బార్‌లో ఎవరికీ గుర్తుండవు. ఎంత ఇష్టమైన సాహిత్యమైనా తీసేయండి. బాధగానే ఉంటుంది, నాకిప్పటికీ ఉంటుంది.

ఇంటర్‌లూడ్ మొత్తం తీసేయమని చెప్పడం లేదు. అందులో ఎక్కడో ఒకచోట తబలా, కాంగో, డప్పు లేదా డ్రమ్స్ మాత్రమే మోగే నాలుగు బార్లు (ఇక్కడ బార్ అంటే తాళం ఒక చుట్టు) ఉంటాయి. అదే బంగారం. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే ఒక పార్టీలో పట్టుకున్న సూత్రం కూడా ఇదే. పాటలో డ్రమ్స్ ఒంటరిగా మోగే చోటే జనం విజృంభిస్తున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కను మళ్లీ మళ్లీ వాయించాడు. మనం అదే పని మౌస్‌తో చేస్తున్నాం. ఆ నాలుగు బార్లను కాపీ చేసి రెండుసార్లు అతికించండి, ఎనిమిది బార్లవుతుంది. ఒక ఎనిమిది పాట ముందు పెట్టండి, ఇంకో ఎనిమిది చివర పెట్టండి. ఇప్పుడు ఒక పాట తోకను ఇంకో పాట తల మీద ఆనించడానికి మీకు చోటు దొరికింది. మొత్తం నిడివి రెండున్నర నిమిషాలు, మహా అయితే మూడు.

కోసేటప్పుడు ఒక జాగ్రత్త. సరిగ్గా దెబ్బ పడే క్షణానికి కత్తిరించండి, గొంతు మొదలయ్యే చోట కాదు. మన పాటల్లో పల్లవి చాలాసార్లు దెబ్బ కంటే కొంచెం ముందో వెనకో ఎత్తుకుంటారు. గొంతును పట్టుకుని కోస్తే ఆ ఎత్తుగడ తెగిపోతుంది, తర్వాత లయ కుంటుతుంది. అతుకు దగ్గర టిక్కుమని శబ్దం వస్తే, స్క్రీన్ మీద కనిపించే శబ్ద తరంగం గీత సున్నా మీదుగా వెళ్లే చోటికి కోతను జరపండి, పోతుంది.

ఇక వేగం. కంప్యూటర్‌లో చేసిన ఇప్పటి పాటకు బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) ఒకటే ఉంటుంది, మొదట్లో 124 అంటే చివర్లోనూ 124. పాత పాటలను స్టూడియోలో పదుల మంది వాద్యకారులు కలిసి వాయించారు. హుషారు వస్తే వేగం పెరుగుతుంది, చరణంలో కొద్దిగా జారుతుంది. అది పాటకు ప్రాణం, మనకు తలనొప్పి. దెబ్బ ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్ చూపించే గీతలు మొదటి నిమిషం సరిపోతాయి, తర్వాత పక్కకు జరుగుతాయి. ఒక్కోసారి అసలు వేగాన్ని సగం అనో రెట్టింపు అనో చూపిస్తుంది. చేత్తో తట్టి కొలుచుకోండి. ఎనభైల మధ్యలో డ్రమ్ మెషీన్లు వచ్చాక చేసిన డిస్కో పాటలు కొంత నయం, దారిలో నడుస్తాయి. 1986లో 'సింహాసనం'తో తెలుగులోకి వచ్చి, 1991 'గ్యాంగ్ లీడర్' నాటికి మనల్ని ఊపేసిన బప్పీ లహరి పాటలు రెట్రో నైట్‌కి అంతగా పనికొస్తాయంటే సగం కారణం ఆ గట్టి బీటే.

వేగాలు కలపడానికి పాటను సాగదీయాల్సి వస్తే నాలుగు శాతం దాటకండి. వేగంతో పాటు శ్రుతి కూడా మారితే ఆరు శాతానికి దాదాపు అర స్వరం పెరుగుతుంది, గొంతు పిల్లాడి గొంతైపోతుంది. కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టే బటన్) వేస్తే శ్రుతి నిలుస్తుంది కానీ, ఎక్కువ సాగదీస్తే గొంతు వణుకుతుంది.

తకధిమి పక్కన తకిట పెట్టకండి

నేర్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు, ఎందుకంటే డీజే పాఠాలన్నీ డిస్కో, హౌస్ (క్లబ్బుల్లో వేసే ఒక రకం డాన్స్ సంగీతం) పాటలను బట్టి రాసినవి. ఆ పాటలన్నీ చతురశ్రం, తకధిమి తకధిమి. మన మాస్ పాటల్లో చాలా వాటి నడక తిశ్రం, తకిట తకిట. తీన్మార్ దెబ్బకు అలవాటుపడిన కాళ్లకు ఈ నడకే ముద్దు. రెండింటి బీపీఎం మీటర్ మీద ఒకటే చూపించినా ఒకదాని మీద ఒకటి పెడితే గుర్రం, గాడిద కలిపి కట్టిన బండిలా ఉంటుంది.

అందుకని జాబితాను రెండు డబ్బాలుగా విడదీయండి. నాలుగైదు తకధిమి పాటలు వరసగా, తర్వాత మూడు నాలుగు తకిట పాటలు వరసగా. డబ్బా మారే చోట కలపడానికి ప్రయత్నించొద్దు. ఆఖరి మాట మీద ఎకో వేసి పాటను ఆపేయండి, ఒక్క క్షణం నిశ్శబ్దం, వెంటనే కొత్త పాట డప్పు దెబ్బతో మొదలుపెట్టండి. ఆ క్షణం నిశ్శబ్దానికే జనం అరుస్తారు. తప్పును దాచడానికి మొదలుపెట్టిన అలవాటు ఇది, ఇప్పుడు దానికోసమే వచ్చేవాళ్లున్నారు.

బార్‌కి వెళ్లాక

తెరవడానికి రెండు గంటల ముందు వెళ్లండి. డీజేకి ఇచ్చే చోటు సాధారణంగా వంటగది తలుపు పక్కన ఉంటుంది. చికెన్ పకోడీ ట్రే మీ మోచేతి మీదుగా వెళ్తుంది. కంట్రోలర్ కింద పొడి గుడ్డ వేయండి, గ్లాసులు పెట్టడానికి పక్కన వేరే స్టూల్ అడగండి. అడక్కపోతే ఎవరో ఒకరు బీర్ గ్లాసు మీ కంట్రోలర్ మీదే పెడతారు.

స్పీకర్లలో "ఝుమ్" అని హమ్ వస్తోందా? ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. శబ్దం పోతే ఎర్త్ లూప్ (ఎర్త్ వైరు రెండు దారుల్లో కలిసి హమ్ పుట్టించడం) అని అర్థం. రాత్రంతా బ్యాటరీ మీద నడపలేం కాబట్టి ఆ లూప్‌ను తెంపే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి. అది లేక ఒక రాత్రంతా పాటల మధ్య కందిరీగ మోతతో వాయించాను.

పాత పాటల లెవెల్ తక్కువ, కొత్త పాటలది ఎక్కువ. ప్రతి పాటకూ గెయిన్ (పాట లోపలికి వచ్చే సౌండ్ స్థాయి) విడిగా సరిచూసుకోండి, ఎర్ర లైటు వెలగకూడదు. ఎనభైల ముందు పాటల్లో బేస్ పలచగా ఉంటుంది, కొంచెం పెంచండి. బేస్ మరీ ఎత్తితే బురద అవుతుంది. గొంతు ముక్కుతో పాడినట్టు వినిపిస్తే మిడ్ (మధ్య స్వరాలు) కాస్త తగ్గించండి. ఖాళీ హాల్లో సరిపోయిన సౌండ్ జనం నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది, మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని తాగేస్తాయి. దానికి ఫేడర్‌లో (సౌండ్ పెంచే, తగ్గించే జారుడు మీట) కొంత చోటు మిగుల్చుకోండి.

గంట గంటకూ

మా బార్ పన్నెండుకి మూసేస్తుంది, నా రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. తొమ్మిదింపావు వరకు ఎవరూ ఆడరు, ఆడాలని చూడకండి కూడా. మాట్లాడుకునే గొంతు కంటే కొంచెం తక్కువలో మెల్లని పాటలు. ఈ సమయంలో నేను బల్లల వైపే చూస్తుంటాను. ఏ పాటకు ఎవరు గ్లాసు మీద వేళ్లతో దరువు వేస్తున్నారు, ఎవరు పెదవులు కదుపుతున్నారు. ఆ బల్లలే తర్వాత మొదట లేస్తాయి. ఒక బల్ల లేస్తే చాలు, ఊరంతా లేస్తుంది.

తొమ్మిదిన్నరకు మొదటి హుషారు పాట. అందరికీ తెలిసిన అతిపెద్ద హిట్ అప్పుడే వేసేయకండి, అది పదిన్నరకు కావాలి. పది నుంచి పావు తక్కువ పన్నెండు వరకు అసలు ఆట.

మధ్యలో ప్రతి నలభై నిమిషాలకూ రెండు పాటలు నెమ్మదివి వేయండి. ఇది కళ కోసం కాదు, వెయిటర్ల కోసం. ఆడుతున్నవాడు ఆర్డర్ ఇవ్వడు. వాడు కూర్చోవాలి, చెమట తుడుచుకోవాలి, "ఇంకో రౌండ్" అనాలి. రాత్రంతా ఫ్లోర్ నింపి గల్లా ఖాళీ చేసిన డీజేను యజమాని మళ్లీ పిలవడు. నా రెండో బుకింగ్ పోయింది ఇందుకే, కారణం నాకు చాలా కాలం తర్వాత ఒక వెయిటర్ చెప్పాడు.

నాకు ఎప్పుడూ పనిచేసే ఒక కిటుకు: అసలు పాటతో మొదలుపెట్టి దాని రీమిక్స్‌లోకి దూకడం. 'బంగారు కోడిపెట్ట' 1992లో 'ఘరానా మొగుడు'లో తండ్రి ఆడిన పాట, 2009లో 'మగధీర'లో కొడుకు ఆడిన పాట, రెండింటికీ సంగీతం కీరవాణిదే. పల్లవి పాతదాన్నుంచి తీసుకుని, డ్రమ్స్ దగ్గర కొత్తదానికి మారితే నలభైల వాళ్లూ ఇరవైల వాళ్లూ ఒకే ఫ్లోర్ మీద ఉంటారు. రెండింటి వేగం ఇంట్లోనే కొలుచుకుని, దూకే చోటు గుర్తు పెట్టుకుని వెళ్లండి.

"అన్నా, ఒక్క పాట!"

వస్తారు. ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి మీ మొహం మీద పెడతారు. వాళ్ల ఫోన్‌ను మీ కంట్రోలర్‌కి ఎప్పుడూ తగిలించకండి. మధ్యలో వాళ్ల అమ్మ ఫోన్ చేస్తుంది, రింగ్‌టోన్ ఊరంతా వింటుంది. లేదని మొహం మీద చెప్పడం కూడా వద్దు. "వేస్తా తమ్ముడూ, దీని తర్వాత రెండోది" అనండి. జాబితాలో ఉంటే నిజంగానే వేయండి, లేకపోతే అదే హీరోది ఇంకోటి వేసి అతని వైపు చెయ్యి ఊపండి. చాలామందికి పాట కంటే ఆ చెయ్యి ఊపడమే కావాలి.

అభిమానుల సంగతి మరిచిపోవద్దు. ఒక హీరోవి వరసగా మూడు పాటలు పడితే వెనక బల్ల నుంచి "మా బాలయ్యకేమైందన్నా?" అని కేక వస్తుంది. మొదట్లో సరదాగానే ఉంటుంది, పదకొండు దాటాక అంత సరదాగా ఉండదు. నేను చీటీ మీద హీరోల పేర్లు రాసుకుని, వేసినప్పుడల్లా పక్కన గీత పెడతాను. పంచాయతీ ఎన్నికల లెక్క లాగే.

కాగితాలు, డబ్బు, చెవులు

పెళ్లిలో, పెళ్లి బరాత్‌లో పాట వేయడానికి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది, బార్‌కి ఆ మినహాయింపు లేదు. రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్, రచయితలు స్వరకర్తల తరఫున పనిచేసే ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్స్ బార్ యజమాని తీసుకోవాలి. తీసుకున్నారా అని మెసేజ్‌లోనే అడగండి, జవాబు కూడా మెసేజ్‌లోనే ఉండేట్టు చూసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట స్పీకర్లు పెట్టకూడదు. రూఫ్‌టాప్ బార్ ఒప్పుకునే ముందు ఇది ఆలోచించండి, పదికి ఆగిపోయే రెట్రో నైట్ రెట్రో నైట్ కాదు.

సగం డబ్బు ముందే తీసుకోండి. మిగతాది వైర్లు చుట్టకముందే.

చెవులకు ప్లగ్‌లు కొనండి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చంటారు, 100 డెసిబెల్స్‌లో అయితే పావుగంటే. మనం స్పీకర్ పక్కన నాలుగు గంటలుంటాం. సంగీతకారుల కోసం చేసిన ప్లగ్‌లు పాటను చెడగొట్టకుండా మోత తగ్గిస్తాయి. దూది పెట్టుకుంటే పైస్వరాలు పోయి మీరు ట్రెబుల్ పెంచేస్తారు, జనం చెవులు పోతాయి.

కంట్రోలర్ అడిగారు కదా. రెండు ఛానెళ్లుండి, మీ సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే చిన్నది ఏదైనా సరే, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. పెన్‌డ్రైవ్‌లు మాత్రం రెండు, ఒకే పాటలతో. పెన్‌డ్రైవ్ తగిలించి వాయించే డీజే ప్లేయర్లు చాలావరకు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్నవే చదువుతాయి, కొత్త పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. ఇంట్లోనే మార్చుకోండి.

ఇంటికి చేరాక ఎంత నిద్ర వస్తున్నా పది నిమిషాలు కూర్చుని ఆ రాత్రి వేసిన పాటల జాబితా తెరవండి. ఏ పాటకు లేచారు, ఏ పాటకు కూర్చున్నారు, ఏ కోత దగ్గర అడుగు తడబడింది, అన్నీ రాయండి. ట్రేలో ఎనిమిది గ్లాసులతో వెళ్తున్న వెయిటర్ ఏ పాటకు ఒక్క అడుగు స్టెప్పేశాడో ఆ పాట పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. వచ్చే బుధవారం పదిన్నరకు వేయాల్సింది అదే.